టీషర్టు మీద, కాఫీ మగ్గు మీద బొమ్మ ఇంట్లోనే దించడం ఎలా: సబ్లిమేషన్ పని మొదటి నుంచి చివరిదాకా

‘రెండు ఉతుకులకే బొమ్మ వెలిసిపోయింది, మిషన్ మంచిది కాదేమో’ అని అడిగేవాళ్లు ఎక్కువ. ఏ బట్ట మీద వేశారని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: మామూలు నూలు బనియన్ బట్ట. అక్కడ మిషన్ తప్పేమీ లేదు. సబ్లిమేషన్ అంటే ప్రత్యేకమైన ఇంకుతో కాగితం మీద తీసిన ప్రింటును, వేడి ప్రెస్సుతో నొక్కి బట్ట మీదికో మగ్గు మీదికో దించడం. సబ్లిమేషన్ రంగు నూలుకు పట్టదు. మిషన్ ఎంత ఖరీదైనదైనా పట్టదు.

అందుకే ఈ పనిలో మొదట చూడాల్సింది దేని మీద వేస్తున్నామన్నది. ఇంకు, ప్రెస్సు, డిజైన్ అన్నీ ఆ తర్వాతే. అనంతపురంలోనో కర్నూలులోనో ఇంట్లో ఒక గదిలో ఈ పని మొదలుపెట్టేవాళ్ల కోసం చేసే వరుసలోనే రాస్తున్నాను.

1. ముందు బట్ట ఏదో తేల్చుకోండి

సబ్లిమేషన్ ఇంకులోని రంగు సుమారు 180 నుంచి 210 డిగ్రీల వేడికి నేరుగా ఆవిరవుతుంది. ఆ వేడికి పాలిస్టర్ పోగు కాస్త విచ్చుకుంటుంది, రంగు ఆవిరి లోపలికి చేరుతుంది. చల్లారగానే పోగు మూసుకుంటుంది. రంగు బట్ట లోపలే ఉండిపోతుంది కాబట్టి చేత్తో తడిమితే పొరలాంటిదేమీ తగలదు, పగుళ్లు రావు. నూలు పోగులో రంగు చేరి నిలిచే వీలు లేదు. పైపైన అంటినదంతా ఉతికితే పోతుంది.

మగ్గు సంగతీ ఇంతే. పింగాణీకి రంగు పట్టదు, దాని మీద పాలిమర్ పూత ఉండాలి. స్టీలు అంగడిలో దొరికే మామూలు తెల్ల మగ్గుకు ఆ పూత ఉండదు. ‘సబ్లిమేషన్ మగ్గు’ అని అడిగే కొనండి.

చేతిలో ఉన్న బట్ట ఏమిటో తెలియకపోతే లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి ముడుచుకుపోయి, చివర గట్టి పూసలా మిగులుతుంది. రెండూ కలిసిన బట్టకు కొంత బూడిద, కొంత పూస. ఈ పరీక్ష సింకు పక్కన చేయండి, పిల్లలను దూరంగా ఉంచండి.

ఏది దేనికి పనికొస్తుందంటే:

• 100 శాతం పాలిస్టర్, తెలుపు లేదా లేత రంగు: సబ్లిమేషన్ చక్కగా వస్తుంది.
• పాలిస్టర్ 65 శాతం, మిగతాది నూలు: బొమ్మ వస్తుంది కానీ పాతబడినట్టు లేతగా ఉంటుంది. అది నచ్చితే సరే.
• నూలు బనియన్ బట్ట, ఎమ్మిగనూరు చేనేత నూలు బట్ట: సబ్లిమేషన్ వద్దు. 7వ భాగం చూడండి.
• నలుపు, ముదురు నీలం బట్ట: పాలిస్టరైనా వద్దు. ఈ ఇంకులో తెలుపు రంగు లేదు, ముదురు మీద వేసింది కనబడదు.
• ధర్మవరం పట్టు: దాని జోలికి వెళ్లకండి. 200 డిగ్రీల పలక కింద పట్టు పాడవుతుంది.

క్రికెట్ టీములకు కుట్టే జెర్సీ బట్ట ఎక్కువగా పాలిస్టరే. కొత్తగా నేర్చుకునేవాళ్లు దానితో మొదలుపెడితే మంచిది.

2. సామాను

ప్రింటరు: తల (ఇంకు చిమ్మే భాగం) వేడెక్కకుండా ఒత్తిడితో ఇంకును చిమ్మే రకం కావాలి. ఎప్సన్ ఇంకు ట్యాంకు ప్రింటర్లు ఆ రకం, అందుకే ఈ పనిలో ఎక్కువగా కనబడతాయి. హెచ్‌పీ, కానన్ ఇంటి ప్రింటర్లలో చాలావరకు ఇంకును వేడి చేసి చిమ్ముతాయి, వాటిలో ఈ ఇంకు పోయకండి. ప్రింటరు కొత్తది అయితే మేలు. మామూలు ఇంకు వాడిన ట్యాంకులో సబ్లిమేషన్ ఇంకు కలిపితే రంగులు ఎప్పటికీ సరిగా రావు. ఒకసారి దీనికి కేటాయించిన ప్రింటరులో పిల్లల హోంవర్కు ప్రింట్లు తీసుకోవడం కూడా కుదరదు.

హీట్ ప్రెస్సు (వేడి పలకతో నొక్కే మిషన్): బట్టలకు 38 సెంటీమీటర్ల చదరపు పలక ఉన్నది చాలు. మగ్గులకు వేరే మగ్ ప్రెస్సు. రెండూ కలిపి వచ్చే ‘ఐదు పనుల’ మిషన్లు ఉన్నాయి కానీ, తలలు మార్చుకుంటూ కూర్చోవాలి. రోజుకు నాలుగు మగ్గులకు మించి చేసేవాళ్లు విడిగా కొనుక్కోవడమే నయం.

ఇస్త్రీ పెట్టెతో సబ్లిమేషన్ చేయొచ్చా? చేయకండి. వేడి అంతటా ఒకేలా ఉండదు, ఆవిరి రంధ్రాలున్న చోట మచ్చలు పడతాయి, నిమిషంపాటు కదలకుండా ఒకే ఒత్తిడితో పట్టుకోవడం మన చేతి వల్ల కాదు.

మిగతావి:

• సబ్లిమేషన్ పేపరు
• వేడికి తట్టుకునే హీట్ టేపు
• బటర్ పేపరు లేదా మైనపు పూత లేని తెల్ల కాగితం
• టెఫ్లాన్ షీట్
• దుమ్ము తీసే జిగురు రోలరు
• మెత్తటి, నూగు రాలని గుడ్డ, స్పిరిట్
• మందపాటి చేతి తొడుగులు
• స్కేలు, కత్తెర

బెంగళూరు దగ్గర కాబట్టి సామాను అక్కడినుంచి తెప్పించుకునేవాళ్లు ఎక్కువ. మగ్గులు పార్సిల్‌లో వస్తే పెట్టె తెరిచేటప్పుడే ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూడండి. పూత మీద గీత ఉంటే బొమ్మ దించాక అక్కడ తెల్లగా కనబడుతుంది.

3. గది, కరెంటు, ఎండ

ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు. రాయలసీమలో మాత్రం సగం తంటాలు ఇక్కడివే.

పెద్ద హీట్ ప్రెస్సు 1400 నుంచి 1800 వాట్లు లాగుతుంది. దానికి గీజరుకు వాడేలాంటి 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దే వద్దు, వైరు వేడెక్కి కరుగుతుంది. ఇన్వర్టరు మీద కూడా నడపొద్దు.

వోల్టేజీ తక్కువైతే పలక నెమ్మదిగా వేడెక్కుతుంది. మూత వేయగానే డిగ్రీలు పడిపోయి మళ్లీ ఎక్కడానికి టైము పడుతుంది. మీ వీధిలో సాయంత్రం దీపాలు మసకబారుతుంటే పొద్దున పని పెట్టుకోండి. ఇంట్లో ఏసీ, మోటారు నడిచేటప్పుడు ప్రెస్సు ఆపండి.

ఎండాకాలం 40 డిగ్రీలు దాటి గాలి పొడిగా ఉన్నప్పుడు ప్రింటరు తలలో ఇంకు ఎండిపోతుంది. వారానికి రెండుసార్లయినా నాలుగు రంగులూ వచ్చేలా చిన్న ప్రింటు తీయండి. ఇంకు సీసాలు కిటికీ దగ్గర, రేకుల షెడ్డులో పెట్టకండి. వానాకాలం దీనికి ఉల్టా. పేపరు తేమ పీల్చుకుని బొమ్మ అంచులు చెదురుతాయి. ఏ కాలమైనా పేపరును జిప్ కవరులోనే ఉంచండి.

దుమ్ము గురించి వేరే చెప్పాలా? తలుపు దగ్గర, రోడ్డు వైపు కిటికీ దగ్గర ప్రెస్సు పెట్టొద్దు. అలాగని గది మూసేసి కూడా పని చేయొద్దు. ప్రెస్సు చేసేటప్పుడు పొగ, వాసన వస్తాయి. వేరే వైపు కిటికీ తెరిచి, ఫ్యాను గాలి ప్రెస్సుకు నేరుగా తగలకుండా చూసుకోండి.

4. డిజైన్, తెలుగు అక్షరాలు, ప్రింటు

డిజైన్‌ను దించాల్సిన కొలతలోనే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తయారు చేయండి. 325 మిల్లీలీటర్ల మామూలు మగ్గుకు 20 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు పెట్టుకోవచ్చు. అంటే దాదాపు 2362 × 1063 పిక్సెళ్లు. మగ్గు మారితే కొలత మారుతుంది, ముందు కాగితం చుట్టి చూసుకోండి.

వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మ నాణ్యత తగ్గి వస్తుంది. గండికోట ఫోటో ఎంత బాగా తీసినా అలా వచ్చింది మగ్గు మీద మసకగానే ఉంటుంది. ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి.

తెలుగు అక్షరాలతో వచ్చే తంటా వేరు. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే, టైప్ సెట్టింగుల్లో భారతీయ భాషలకు ఉద్దేశించిన ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకోండి. పాత వెర్షన్లలో దానికి ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అని పేరు. ప్రింటు బయట తీయిస్తుంటే ఫైలును పీఎన్‌జీగా (బొమ్మ ఫైలుగా) మార్చి ఇవ్వండి. మీరు టైపు చేసిన తెలుగు ఫాంటు (అను లాంటిది) లేని కంప్యూటర్లో మీ ఫైలు తెరిస్తే పేరు కాస్తా పిచ్చి గీతలవుతుంది.

సన్నటి ఫాంట్లు వద్దు. రంగు ఆవిరి కొద్దిగా పక్కకు పాకుతుంది కాబట్టి సున్నా లోపలి ఖాళీ, ఒత్తుల మధ్య సందు పూడిపోతాయి. బట్ట మీద చిన్న అక్షరాలు ఒక సెంటీమీటరు ఎత్తుకు తగ్గకుండా చూడండి.

అక్షరదోషాలు బొమ్మను తిప్పకముందే చూసుకోవాలి. తిప్పేశాక తెలుగు చదవడం ఎవరికైనా కష్టమే. పెళ్లి మగ్గు మీద పెళ్లికొడుకు పేరు తప్పుపడితే మగ్గు ఖర్చుతో పోదు. ఇంట్లో ఇంకొకరితో కూడా చదివించండి.

ప్రింటు వరుస:

• బొమ్మను ఎడమ కుడి తిప్పండి, అంటే ‘మిర్రర్’ చేయండి.
• ఇంకు అమ్మినవాళ్లు ఇచ్చే రంగుల ప్రొఫైల్ ఫైలు వేసుకోండి. అది లేకపోతే చర్మం రంగులు ఎర్రగానో పచ్చగానో వస్తాయి.
• నాజిల్ చెక్ తీయండి, అంటే ప్రింటరు తలలోని సన్న రంధ్రాలన్నీ ఇంకు చిమ్ముతున్నాయో లేదో చూసే పరీక్ష ప్రింటు. గీతలు తెగితే ముందు శుభ్రం చేయండి.
• పేపరులో ఎక్కువ తెల్లగా ఉన్న వైపు ప్రింటు రావాలి.
• ప్రింటు నాణ్యత ‘హై’లో పెట్టండి.
• తీసిన కాగితాన్ని ఐదు నిమిషాలు ఆరనివ్వండి.
• అద్దం ముందు పట్టుకుని చూడండి. అద్దంలో సరిగ్గా చదవగలిగితే తిప్పడం సరిగ్గా జరిగినట్టే.

కాగితం మీద రంగులు వెలిసినట్టు ఉంటాయి, నలుపు బూడిద రంగులో కనబడుతుంది. టెన్షన్ పడి ఇంకు పెంచకండి. వేడి తగిలాకే అసలు రంగు వస్తుంది.

5. టీషర్టు మీద దించడం

ముందు ఒక పాత పాలిస్టర్ ముక్క మీద అదే చిన్న బొమ్మను మూడు చోట్ల వేసి చూడండి: 190 డిగ్రీలు 45 సెకన్లు, 195 డిగ్రీలు 50 సెకన్లు, 200 డిగ్రీలు 60 సెకన్లు. ఏది బాగా వచ్చిందో ప్రెస్సు మీదే రాసి అంటించండి. తక్కువ ధర ప్రెస్సుల్లో తెర మీద చూపే డిగ్రీలకూ పలక అసలు వేడికీ తేడా ఉంటుంది. పక్కవాళ్ల లెక్క మీ మిషనుకు పనికిరాదు.

ఇక అసలు పని:

(1) ప్రెస్సు వేడెక్కాక టీషర్టును పరిచి 5 నుంచి 10 సెకన్లు ఉత్తగా నొక్కండి. తేమ, ముడతలు పోతాయి. ఎండలో ఆరేసిన బట్టకు కూడా ఈ పని తప్పదు.

(2) రోలరుతో నూగు, దుమ్ము తీయండి. కంటికి కనబడని పోగు ముక్క కూడా నొక్కాక నీలం చుక్కవుతుంది. ఆ చుక్క ఇక పోదు.

(3) టీషర్టు లోపల ఒక తెల్ల కాగితం పెట్టండి. లేకపోతే రంగు ఆవిరి వెనక వైపుకు దిగుతుంది.

(4) మెడ కుట్టు కింద నాలుగు వేళ్ల జాగా వదిలి, టీషర్టును నిలువుగా సగానికి మడిచి మధ్య గీత గుర్తుపట్టండి. పెద్దవాళ్ల టీషర్టుకు ఏ4 కాగితం నిండా బొమ్మ పెట్టొచ్చు. పిల్లలకు 15 నుంచి 18 సెంటీమీటర్ల వెడల్పు చాలు.

(5) ప్రింటు ముఖం కిందికి పెట్టి, అంచుల్లో చిన్న టేపు ముక్కలతో కదలకుండా అంటించండి. పైన బటర్ పేపరు కప్పండి. టెఫ్లాన్ షీట్ కప్పితే ప్రతిసారీ తుడవాలి, దాని మీది పాత రంగు తర్వాతి బట్టకు అంటుకుంటుంది. కాగితమైతే పారేస్తాం కాబట్టి నేను దానికే ఓటేస్తాను.

(6) మధ్యస్థ ఒత్తిడితో, మీరు తేల్చుకున్న వేడిలో నొక్కండి.

(7) టైము అవగానే మూత ఎత్తి, ప్రింటు కాగితాన్ని ఒక్క ఊపున పైకి తీసేయండి. పక్కకు జరపకండి. కాగితం వేడి మీద ఉన్నంతసేపూ రంగు వదులుతూనే ఉంటుంది, కొంచెం జరిగినా బొమ్మకు నీడ పడుతుంది.

కాగితం అంచు గీతలా బట్ట మీద అచ్చుపడుతుంటే రెండు మార్గాలున్నాయి. కత్తెరతో నిటారుగా కోసే బదులు బొమ్మ చుట్టూ చేత్తో చింపండి. లేదా టీషర్టు లోపల వేడికి తట్టుకునే ఫోమ్ ప్యాడ్ పెట్టండి. గుండీలు, జేబు కుట్లు ఉన్న బట్టకు ఫోమ్ తప్పనిసరి, లేకపోతే ఒత్తిడి అంతా కుట్టు మీదే పడుతుంది.

6. మగ్గు మీద దించడం

మగ్గు చిన్నదే కానీ టీషర్టు కన్నా ఎక్కువ విసిగిస్తుంది. కారణం దాని ఆకారం. చూడటానికి నిటారుగా ఉన్నట్టున్నా, పైన అంచు దగ్గర, కింద అడుగు దగ్గర కొద్దిగా వంపు ఉంటుంది. అక్కడ ప్రెస్సు పట్టు సరిగా తగలదు, రంగు లేతబడుతుంది. ముఖాలు, పేర్లు పైనా కిందా అర సెంటీమీటరు జాగా వదిలి పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

చేయాల్సిన వరుస ఇది.

మగ్గును స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి. ఆ తర్వాత చేత్తో ఒళ్లంతా తడమకండి, మగ్గు చెవి పట్టుకుని ఎత్తండి. వేలిముద్ర నూనె ఉన్న చోట రంగు మచ్చపడుతుంది.

కాగితాన్ని మగ్గు అడుగుకు సమాంతరంగా చుట్టండి. ఒక చివర చెవి పక్కన టేపుతో అంటించి, బిగుతుగా లాగుతూ రెండో చివర వరకు వచ్చి అక్కడ అంటించండి. మధ్యలో ఎక్కడా గాలి ఉండకూడదు. గోటితో తట్టితే డబడబమనే చోటు ఉంటే విప్పి మళ్లీ చుట్టండి.

దాని మీద ఇంకో తెల్ల కాగితం చుట్టండి. ప్రెస్సు లోపలి రబ్బరు పట్టీకి రంగు అంటకుండా కాపాడేది అదే.

ఒత్తిడి ఎంత ఉండాలి? మగ్గు పెట్టి ప్రెస్సు పిడి దించితే బిగుతు తెలియాలి, కానీ రెండు చేతుల బలం పెట్టాల్సి రాకూడదు. మరీ బిగిస్తే మగ్గు లోపలే పగులుతుంది. వదులుగా ఉంటే చెవి పక్కన రెండు వైపులా బొమ్మ వెలిసిపోయినట్టు వస్తుంది.

వేడి 180 నుంచి 190 డిగ్రీలు, టైము 150 నుంచి 180 సెకన్లతో మొదలుపెట్టండి. చల్లటి మగ్గు పెట్టగానే తెర మీద డిగ్రీలు పడిపోతాయి. వేడి మళ్లీ అనుకున్న అంకెకు చేరాకే సెకన్ల లెక్క. కొన్ని ప్రెస్సులు ఆ పని తామే చూసుకుంటాయి, కొన్నింటిలో మనం చూసుకోవాలి. మీది ఏ రకమో మొదటి మగ్గుకే గమనించండి.

బీపు రాగానే తొడుగు వేసుకుని మగ్గు తీసి, టేపు, కాగితం వెంటనే ఊడదీయండి. మగ్గును చెక్క పలక మీదో, మడిచిన గుడ్డ మీదో పెట్టండి. వంటింట్లో కడప బండ చల్లగా ఉంటుంది, వేడి మగ్గు దాని మీద పెడితే అడుగు చిట్లొచ్చు. చన్నీళ్లలో ముంచడం కూడా వద్దు.

వేడి తగిలితే రంగు మారే నల్ల మగ్గుల పూత సున్నితం. వాటికి అమ్మినవాళ్లు చెప్పిన వేడి, టైమే వాడండి. వంట చేసుకునే ఓవెన్‌లో మగ్గులు పెట్టే పద్ధతి కొందరు చూపిస్తారు. ఈ పొగ తగిలిన ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు కాబట్టి దాని జోలికి పోవద్దంటాను.

7. నూలు బట్టకు, ముదురు రంగుకు వేరే దారి

రెండు పద్ధతులున్నాయి.

ఇంక్‌జెట్ ట్రాన్స్‌ఫర్ పేపరు: మామూలు ప్రింటరు చాలు. లేత బట్ట పేపరుకు బొమ్మ తిప్పాలి. ముదురు బట్ట పేపరుకు తిప్పకూడదు, వెనక కాగితం ఊడదీసి బొమ్మ పైకి కనబడేలా పెట్టి, పైన బటర్ పేపరుతో నొక్కాలి. దీనికి ఇస్త్రీ పెట్టె పనికొస్తుంది. ఆవిరి ఆపేసి, మెత్తటి పరుపు మీద కాకుండా గట్టి బల్ల మీద, బరువు పెట్టి నొక్కండి. బట్ట మీద పొర తెలుస్తుంది, కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి. ఒక్క రోజు ఫంక్షన్‌కు ఫరవాలేదు.

డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్): ఫిల్ము మీద తెలుపుతో సహా ప్రింటు తీసి, వెనక జిగురు పొడి వేసి ఇస్తారు. ఆ మిషన్ ఇంట్లో పెట్టుకోవాల్సిన పనిలేదు, ఫైలు పంపి ఫిల్ము తెప్పించుకుంటే చాలు. 150 నుంచి 160 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 సెకన్లు నొక్కి, చల్లారాక తీయాలో వేడిగానే తీయాలో ఫిల్ము ఇచ్చినవాళ్లను అడగండి. తీశాక బటర్ పేపరు కప్పి మళ్లీ 5 నుంచి 10 సెకన్లు నొక్కితే అంచులు గట్టిగా పట్టుకుంటాయి. నల్ల నూలు టీషర్టు అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇదే.

8. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

• బొమ్మ మొత్తం లేతగా ఉంది: వేడి, టైము, ఒత్తిడి మూడింటిలో ఒకటి తక్కువ. లేదా బట్టలో నూలు ఉంది, మగ్గుకు పూత లేదు. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి.
• నలుపు గోధుమ రంగులోకి తిరిగింది: ఎక్కువసేపు కాలింది. ఐదేసి సెకన్లు తగ్గించండి.
• నలుపు ఆకుపచ్చగా ఉంది: వేడి సరిపోలేదు, లేదా ప్రొఫైల్ వేయలేదు.
• తెల్ల బట్ట పసుపు ఎక్కింది: వేడి ఎక్కువ.
• బొమ్మకు నీడ పడింది: కాగితం జరిగింది. టేపు, ఎత్తే పద్ధతి చూసుకోండి.
• అంచులు పాకినట్టున్నాయి: తేమ. పేపరును, బట్టను ముందే ఆరబెట్టండి.
• అడ్డంగా సన్న తెల్ల గీతలు: నాజిల్ మూసుకుంది. రెండుసార్లు శుభ్రం చేసినా తగ్గకపోతే కొన్ని గంటలు వదిలి మళ్లీ చేయండి. వరసపెట్టి చేస్తే ఇంకు దండగ.
• మగ్గుకు ఒక వైపే లేత: కాగితం వదులుగా చుట్టారు, లేదా ప్రెస్సు పట్టీ అరిగింది.

పాడైన పాలిస్టర్ టీషర్టు నుంచి రంగు తీయలేం. అదే కాగితంతో ఇంకోసారి నొక్కి సరిచేద్దామని చూస్తే రెండు బొమ్మలు కనబడతాయి. దాన్ని తర్వాతి పరీక్షల ముక్కగా దాచుకోండి.

9. అమ్మేముందు, ఇచ్చేముందు

ఇంట్లో పుట్టినరోజుకు ఏ హీరో బొమ్మ వేసుకున్నా అడిగేవాళ్లుండరు. అమ్మడం మొదలుపెడితే మాత్రం సినిమా పోస్టర్లు, క్రికెట్ జట్ల లోగోలు అనుమతి లేకుండా వేయకండి.

ఆర్డరు తీసుకునేటప్పుడు పేరు స్పెల్లింగు నోటితో కాకుండా రాతలో తీసుకోండి. డిజైన్ చూపించి ‘సరే’ అనిపించుకున్నాకే ప్రింటు తీయండి.

వస్తువుతోపాటు ఒక చిన్న చీటీ పెట్టండి. అందులో రాయాల్సినవి:

• సబ్లిమేషన్ టీషర్టు: మామూలు నీళ్లలో ఉతకండి, బ్లీచు వద్దు, ఇస్త్రీ తక్కువ వేడిలో.
• డీటీఎఫ్ టీషర్టు: 24 గంటల తర్వాతే మొదటి ఉతుకు, తిరగేసి ఉతకండి, బొమ్మ మీద ఇస్త్రీ పెట్టొద్దు, బ్రష్ వేయొద్దు.
• మగ్గు: స్టీలు పీచుతో తోమొద్దు, స్పాంజి చాలు. పొయ్యి మీద పెట్టొద్దు.